ఆపుకున్న స్వరాలు

మొదటి రోజు మా తమ్ముడు తిమోతి గిటారు మీద మహా అయితే సెకనుకి తొమ్మిది స్వరాలు వాయించాడు. నలభయ్యో రోజున ఇరవై ఒకటి వాయించాడు. ఆ రెండు అంకెల మధ్య ఏం జరిగిందో, మా ఇంట్లో ఎవరు ఏం పోగొట్టుకున్నారో నేనే చెప్పాలి. ఎందుకంటే ఆ పట్టీని వాడి చేతికి కట్టింది నేనే.

నా పేరు సుగుణ. విశాఖపట్నంలో ఒక నాడీ పరిశోధన కేంద్రంలో ఇంజనీరుని. పక్షవాతంతో చెయ్యి పడిపోయినవాళ్ళ కోసం ఆరేళ్ళు కష్టపడి మేం ఒక పట్టీ తయారుచేశాం. దానికి ‘త్వర’ అని పేరు పెట్టుకున్నాం. మోచేతి కింద కట్టుకునే మెత్తటి పట్టీ ఒకటి, చెవి వెనక అంటించుకునే బొట్టుబిళ్ళంత ముక్క ఒకటి. అంతే.

దాన్ని మొదట కట్టింది సన్యాసినాయుడు గారికి. ఆయన ఓడల కర్మాగారంలో వెల్డరుగా చేసి రిటైరైన మనిషి. ఏడాదిన్నరగా ఆయన కుడిచెయ్యి ఒళ్ళో ముడుచుకుని పడి ఉంది. బల్ల మీద నీళ్ళగ్లాసు పెట్టి, “తీసుకోండి నాయుడు గారూ” అన్నాను. చెయ్యి ఒక్క ఉదుటున లేచి గ్లాసుని పట్టేసింది. సగం నీళ్ళు ఆయన చొక్కా మీదే పడ్డాయి.

“నానింకా తీద్దామని అనుకోనేదమ్మా, అదే ఎల్లిపోనాది!” అన్నారాయన.

గదిలో అందరం నవ్వాం. ఆయన కోడలు కళ్ళు తుడుచుకుంది.

నిజానికి ఆయన అన్నది అక్షరాలా నిజం. చెయ్యి కదపాలంటే మెదడు ముందు సిద్ధమవుతుంది. సిద్ధమైన తర్వాత చెయ్యి కదలడానికి దాదాపు సెకనులో ఐదో వంతు పడుతుంది. చెవి వెనక ముక్క ఆ సిద్ధపాటుని పసిగట్టి పట్టీకి చెబుతుంది. పట్టీ వెంటనే కండరాన్ని తట్టి లేపుతుంది. మధ్యలో ఉన్న ఆలస్యం పోతుంది. ఆలస్యం పోతే అందరికీ మంచిదేనని ఆ రోజుల్లో నేను గట్టిగా నమ్మాను.

తిమోతి నాకన్నా అయిదేళ్ళు చిన్న. వాడికి నలభై ఒకటి. పద్నాలుగో ఏట చర్చిలో గిటారు పట్టుకున్నాడు. తర్వాత పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో, రికార్డింగుల్లో వాయించాడు. మర్రిపాలెంలో ఇంటి ముందుగదిలో పిల్లలకి నేర్పుతాడు. ఎక్కడైనా పోయినవాళ్ళ జ్ఞాపకార్థ కూడిక ఉంటే వాడిని తప్పకుండా పిలుస్తారు. వాడు వాయిస్తుంటే ఎవరూ మాట్లాడరు. ముందు వరసల్లో ఆడవాళ్ళు కొంగులు కళ్ళకి అద్దుకుంటారు. అది గొప్పని మేమంతా అనుకునేవాళ్ళం. వాడు మాత్రం అనుకునేవాడు కాదు.

“ఏడిపించడానికే పనికొస్తాననుకుంటున్నారక్కా అందరూ” అన్నాడు ఒకరోజు మా కేంద్రానికి వచ్చి. వేళ్ళు బల్ల అంచు మీద టకటకా ఆడుతున్నాయి. “మొన్న హైదరాబాదులో రికార్డింగు. ఒక ఎనిమిది సెకన్ల ముక్క. చాలా ఫాస్టుగా వాయించాలి. నాలుగుసార్లు ట్రై చేశాను, రాలేదు. ఆ మ్యూజిక్ డైరెక్టరు కుర్రాడు, నా కొడుకంత ఉంటాడు, ‘సార్, మీరు టిఫిన్ చేసి రండి’ అన్నాడు. తినేసి వచ్చేసరికి ఆ ముక్కని కంప్యూటరు చేత వాయించేసుకున్నారు.”

“అయితే ఏమైందిరా? నీ పద్ధతి వేరు.”

“నా పద్ధతి అంటే ఏంటి? నాకు చేతకానిదాన్ని పద్ధతి అనుకోమంటావా?” వాడు లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. “నా బుర్రలో స్వరాలు బోలెడొస్తాయక్కా. వేళ్ళే అందుకోవు. ఆ పట్టీ నాకు కట్టు.”

నేను వద్దనాల్సింది. అనలేదు. సరిగ్గా అప్పుడే మా డైరెక్టర్ వేదాద్రి గారు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మీద కూడా పరీక్ష మొదలుపెడదామంటున్నారు. వేళ్ళ కదలికని అంత సన్నగా కొలవాలంటే వాద్యకారుడికన్నా మంచి మనిషి దొరకడు. తమ్ముడి ముచ్చట తీరుతుంది, నా పరీక్షా జరుగుతుంది అనుకున్నాను. కాగితాల మీద వాడి చేత సంతకాలు పెట్టించాను.

పట్టీ పని చేయించకుండానే మొదట మూడు నిమిషాలు వాయించమన్నాం. వాడు కళ్ళు మూసుకుని తనకి తోచింది వాయించాడు. తెర మీద మెదడు సిద్ధపాటు నీలి గీతల్లో, వేలి కదలిక ఎర్ర గీతల్లో పడుతున్నాయి. ప్రతి నీలం తర్వాత ఒక ఎరుపు రావాలి. కానీ చాలా నీలాల తర్వాత ఎరుపు లేదు. ఊరికే పుట్టి ఊరికే ఆరిపోతున్నాయి. యంత్రంలో ఏదో రొద అనుకున్నాను. ఎరుపు లేని నీలాలన్నీ లెక్కలోకి రాకుండా తీసేసే జల్లెడ ఒకటి రాసి, ఆ గీతల్ని శుభ్రం చేశాను. శుభ్రమైన బొమ్మ చూసి తృప్తిపడ్డాను కూడా.

తర్వాత పట్టీని పని చేయించాం.

వారం రోజులకి పన్నెండు స్వరాలు. మూడు వారాలకి పదహారు. రెండు చేతులకీ కట్టాక ఇరవై దాటాడు. స్వరం మీద స్వరం, తీగ మీద తీగ, ఎక్కడా తడబాటు లేదు. వాడు నవ్వుతూ, చెమటలు కక్కుతూ వాయించేవాడు. మా కుర్ర ఇంజనీర్లు తలుపు దగ్గర గుమిగూడేవాళ్ళు. వాళ్ళలో ఒకమ్మాయి తీసిన వీడియో వారంలో దేశమంతా తిరిగింది. వేదాద్రి గారు వాడిని పెద్ద ఆడిటోరియంలో వేదిక ఎక్కించారు. కాలేజీ పిల్లలు కుర్చీల మీద నిలబడి కేకలు వేశారు. నేనూ చప్పట్లు కొట్టాను. బయటికి వస్తూ వాడు వాయించినదాంట్లో ఒక్క ముక్క కూనిరాగం తీద్దామని చూశాను. ఒక్కటీ గుర్తు లేదు. పెద్ద హడావిడిలో నా చెవి అలసిపోయి ఉంటుందని సరిపెట్టుకున్నాను.

ఆ తర్వాత వారం కరుణమ్మ గారి భర్త సంవత్సరీకపు కూడిక జరిగింది. కరుణమ్మ గారు మా పాత పాస్టరు గారి భార్య. తిమోతికి గిటారు మొదట కొనిపెట్టింది ఆ దంపతులే. మధ్యాహ్నం పన్నెండు గంటలకి, ఎండ కిటికీల్లోంచి బెంచీల మీద పడుతుండగా, వాడు వాయించడం మొదలుపెట్టాడు. పాట నెమ్మదైనదే. నెమ్మదిగానే ఎత్తుకున్నాడు. కానీ రెండో చరణానికల్లా ఆగాల్సిన ప్రతిచోటా పదేసి స్వరాలు వచ్చి పడ్డాయి. ఊపిరి తీసుకునే సందు లేదు. ఎక్కడో ఒకచోట నిలబడతాడని నేను ముందుకి వంగి ఎదురుచూస్తున్నాను. నిలబడలేదు. ముందు వరసలో వాళ్ళు కొంగులు తియ్యలేదు, ఫోన్లు తీశారు.

అయిపోయాక కరుణమ్మ గారు వచ్చి వాడి భుజం మీద చెయ్యి వేశారు.

“బాగా వాయించావు నాయనా. ఎంత స్పీడు!”

ఆవిడ కళ్ళు పొడిగా ఉన్నాయి. వాడు ఆ కళ్ళవంకే చూస్తున్నాడు. కారు దాకా వచ్చాక అడిగాడు.

“అక్కా, బాలేదు కదా?”

“ఎందుకు బాలేదు? అందరూ వీడియోలు తీశారుగా.”

“నేను వాయిస్తున్నది నాకే వినిపించట్లేదక్కా. ఒక స్వరం పలికి అది ఎలా ఉందో వినేలోపే నాలుగు వెళ్ళిపోతున్నాయి.” కారు తాళంచెవి వాడి వేళ్ళ మధ్య గిరగిరా తిరుగుతోంది. “అలవాటైపోతే సర్దుకుంటుందేమో.”

“సర్దుకుంటుందిరా” అన్నాను. నాకేం తెలుసని అన్నానో ఇప్పటికీ తెలీదు.

ఇంట్లో సంగతి వాడి భార్య వసంత చెప్పింది. ఒక ఆదివారం భోజనానికి పిలిచి, వంటింట్లోకి తీసుకెళ్ళి గొంతు తగ్గించింది.

“వదినా, ఈయనతో కాస్త మాట్లాడండి. రాత్రీ పగలూ ఆ పట్టీలు తియ్యడం లేదు. చేతులు ఒక్క క్షణం కుదురుగా ఉండవు. మాట్లాడుతుంటే నా చేతిలో ఫోను లాగేస్తున్నారు. పిల్ల టీవీ చూస్తుంటే రిమోటు లాగేస్తున్నారు. లాగేశాక ‘అయ్యో, సారీ’ అంటారు. ముందు లాగుతారు, తర్వాత అనుకుంటారు.”

భోజనాల దగ్గర నేనూ చూశాను. పప్పు గిన్నె వైపు నేను చెయ్యి చాపానో లేదో, గిన్నె వాడి చేతిలో ఉంది. నిస్సీ, వాళ్ళ తొమ్మిదేళ్ళ కూతురు, పళ్ళేన్ని రెండు చేతులతో పట్టుకుని తింటోంది.

“అలా పట్టుకున్నావేంటే?” అన్నాను.

“నాన్న చెయ్యి తగుల్తుందత్తా” అంది మామూలుగా.

నేను వాడితో మాట్లాడాను. వచ్చే నెల ముంబయిలో కార్యక్రమం ఉందనీ, అది కాగానే ఓ వారం తీసేస్తాననీ అన్నాడు. నేను ఊరుకున్నాను. ఆ కార్యక్రమం వేదాద్రి గారికీ కావాలి, నాకూ కావాలి.

అది జరిగింది ఆ పై గురువారం సాయంత్రం, పిల్లలు ట్యూషన్ల నుంచి ఇళ్ళకి వెళ్ళే వేళ. తిమోతి ముందుగదిలో సాధన చేస్తున్నాడు. నిస్సీ ఏదో బొమ్మ గీసి తీసుకొచ్చి, “నాన్నా, ఇది చూడు, నాన్నా” అని రెండుమూడుసార్లు పిలిచింది. వాడు తలెత్తలేదు. పిల్ల నవ్వుతూ అరచెయ్యి తీసి తీగల మీద పెట్టేసింది. శబ్దం ఆగింది. మరుక్షణం వాడి చెయ్యి విసురుగా లేచింది. పిల్ల వెనక్కి వెళ్ళి ఇనప మంచం కోడుకి తగిలి పడింది. మణికట్టు ఎముక విరిగింది.

నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి లోపల కట్టు వేస్తున్నారు. తిమోతి బయట వరండాలో గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పట్టీలు ఇంకా చేతులకే ఉన్నాయి.

“నేను కొట్టలేదక్కా. ఒట్టు. నాకా ఉద్దేశమే లేదు. పట్టీలోనే ఏదో లోపం వచ్చింది. అంతే కదా? నువ్వు చూసి చెప్పు. పట్టీదే కదా తప్పు?”

వసంత లోపల్నించి వచ్చింది. ఏడవడం లేదు.

“వదినా, నాకు సైన్సు తెలీదు. అది పట్టీయా, ఈయనా? అదొక్కటి చెప్పండి చాలు. పిల్లని ఈయన పక్కన ఎలా వదలాలో నాకు తెలియాలి.”

పట్టీలో ప్రతి క్షణమూ నమోదవుతుంది. మర్నాడు పొద్దున్నే కేంద్రానికి వెళ్ళి ఆ సాయంత్రపు గీతలు తెర మీదకి తెచ్చాను. ఎరుపు ఉంది. దాని ముందు నీలం ఉంది. స్పష్టంగా, నిక్కచ్చిగా, ఏ పుస్తకంలోనైనా వేసుకోదగ్గంత చక్కగా ఉంది. చెయ్యి విసరడానికి మెదడు సిద్ధమైంది, పట్టీ అందుకుంది, చెయ్యి లేచింది. యంత్రంలో ఏ లోపమూ లేదు.

మా తమ్ముడు చీమకి కూడా హాని చెయ్యడు. చిన్నప్పుడు నేను కొడితే తిరిగి కొట్టేవాడు కాదు. పిడికిలి బిగించి, ముఖం ఎర్రగా చేసుకుని, గది బయటికి వెళ్ళిపోయేవాడు. ఆ పిడికిలి ఇప్పుడు గుర్తొచ్చింది. అంటే అప్పుడూ కొట్టాలని వచ్చిందన్నమాట. ఆపుకున్నాడన్నమాట.

వెంటనే నేను రాసిన జల్లెడ తీసేశాను. మొదటి రోజు మూడు నిమిషాలు మళ్ళీ చూశాను. రొద అనుకుని నేను ఊడ్చేసిన నీలాలన్నీ తిరిగి వచ్చాయి. లెక్కపెట్టాను. వాయించినవి ఆరువందల పైచిలుకు. సిద్ధమై, చివరి క్షణంలో ఆగిపోయినవి వెయ్యికి దగ్గర. వాడు ఒక స్వరం పలికించి, అది విని, తర్వాత రాబోయే ఒకటి రెండింటిని వద్దనుకుని, ఆపైదాన్ని రానిచ్చేవాడు. ఆ వద్దనుకోవడానికే సెకనులో ఐదో వంతు కావాలి. దాన్నే మేం తీసేశాం. నా జల్లెడ తెర మీది గీతలకే గానీ పట్టీకి కాదు. పుట్టిన ప్రతి నీలాన్నీ పట్టీ బయటికి తోసేసింది. వాడి వేళ్ళు వేగం నేర్చుకోలేదు. ఆపుకోవడం పోయింది, అంతే.

వేదాద్రి గారి గదికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

“సుగుణా, దీన్ని సెన్సరు లోపం అని రాయి. లోపమైతే బాగుచేస్తామని చెప్పొచ్చు. నువ్వు చెప్పినట్టు రాస్తే ఏమవుతుందో ఆలోచించావా? మనిషి లోపల పుట్టే ప్రతిదాన్నీ ఇది బయటపెడుతుందని తెలిస్తే రేపు ఎవరైనా దీన్ని ఎవరికైనా కట్టనిస్తారా? ఆ నాయుడు గారి చెయ్యి మళ్ళీ ఒళ్ళో పడిపోతుంది. ఇంకా పద్దెనిమిది మంది రోగులున్నారు.”

“మా తమ్ముడికి ఏం చెప్పను సార్?”

“లోపమనే చెప్పు. అతనికీ అదే కావాలి కదా. మనశ్శాంతిగా ఉంటాడు.”

అది నిజమే. అందుకే రెండు రోజులు నేను ఏమీ రాయలేదు. తిమోతి ఫోను చేస్తే ఎత్తలేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేదాన్ని. నడుస్తూ నడుస్తూ ఆగి నా చేతుల వంక చూసుకునేదాన్ని. ఆ రెండు రోజుల్లో నా చేతులు ఎన్నిసార్లు ఏమేమి చెయ్యబోయి మానుకున్నాయో లెక్కపెట్టబోయి భయపడ్డాను.

మూడో రోజు సన్యాసినాయుడు గారు పరీక్షకి వచ్చారు. కోడల్ని బయట కూర్చోబెట్టి తలుపు వేశాను.

“నాయుడు గారూ, ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పాలి. ఈ చెయ్యి ఎప్పుడైనా మీరు వద్దనుకున్న పని చేసిందా?”

ఆయన ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని నిమురుకున్నారు.

“మా కోడలి మీద గిన్ని ఇసిరేసినానమ్మా. రెండు తూర్లు. ఆ పిల్ల నాకు ముద్ద కలిపి పెట్టిన పిల్ల. కోపమొచ్చీది గానీ, ఎప్పుడైనా ఒక్క మాటన్నానా దాన్ని? చెయ్యే అన్నాది.” ఆయన తల వంచుకున్నారు. “సెప్తే పట్టీ తీసేస్తారని సెప్పనేదు. ఆ పిల్ల కూడా సెప్పనేదు. మావకి చెయ్యి ఉండాలని.”

ఆ సాయంత్రమే నివేదిక రాశాను. సెన్సరు లోపం అనే మాట ఎక్కడా లేదు. నా జల్లెడ సంగతి మొదటి పేజీలోనే పెట్టాను. వేదాద్రి గారు చదివి, పక్కన పెట్టి, నాతో మాట్లాడటం మానేశారు.

తర్వాత తిమోతిని పిలిపించాను. వసంత పిల్లని తీసుకుని అనకాపల్లిలో వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయి అప్పటికి నాలుగు రోజులు. వాడు గడ్డం పెరిగి, కుర్చీలో అంచున కూర్చున్నాడు. పట్టీలు ఇంకా విప్పని చేతులు తొడల కింద పెట్టుకుని, వాటి మీద బరువంతా వేశాడు.

“ముందు ఇది విను” అన్నాను.

మొదటి రోజు వాడు వాయించిన మూడు నిమిషాలు వినిపించాను. పట్టీ పని చేయని వాయింపు. ఒక స్వరం వచ్చి నిలబడింది. ఇంకొకటి ఆలోచించుకుని వచ్చినట్టు వచ్చింది. వాడు ముందుకి వంగి విన్నాడు.

“ఇప్పుడు ఇది.”

సిద్ధపాటులో ఏ వేలు ఏ తీగ మీదికి పోబోతోందో కూడా ఉంటుంది. ఎరుపు లేని ఆ వెయ్యి నీలాలనీ కంప్యూటరు చేత పలికించి, వాయించినవాటితో కలిపి వినిపించాను. గది నిండా స్వరాలు కురిశాయి. సందు లేదు, ఊపిరి లేదు.

పది సెకన్లు కాకముందే వాడు, “ఆపు” అన్నాడు. “ఇది నేను ఇప్పుడు వాయిస్తున్నదే కదా?”

“ఇవన్నీ అప్పుడు కూడా నీలో ఉన్నాయిరా. నువ్వు ఆపుకునేవాడివి.”

వాడు తెర వైపే చూస్తున్నాడు. నేను చెప్పకముందే అడిగాడు.

“మరి నిస్సీ విషయం?”

అప్పుడు కూడా నేను అబద్ధం చెప్పగలిగేదాన్ని. వాడి ముఖం చూస్తే చెప్పాలనే అనిపించింది. గురువారం సాయంత్రపు గీతల్ని తెర మీద పెట్టాను. నీలం. దాని వెంటే ఎరుపు.

“నాదే” అన్నాడు.

“వచ్చింది నీదే. ఎవరికైనా వస్తుందిరా. నువ్వయితే దాన్ని ఆపేవాడివి. నలభై ఏళ్ళుగా ఆపుతూనే ఉన్నావు. ఆపడానికి కావలసినంత సమయం నేను లాగేసుకున్నాను.”

వాడు తొడల కిందనుంచి చేతులు తీశాడు. పట్టీలు ఒక్కొక్కటే విప్పి బల్ల మీద పెట్టాడు. చెవి వెనక ముక్క పీకేశాడు. తిడతాడని ఎదురుచూస్తూ అలాగే నిలబడ్డాను.

“అక్కా, వసంతకి నువ్వు చెప్పకు. నేనే వెళ్ళి చెప్తాను” అన్నాడు చివరికి.

వెళ్ళాడు. అనకాపల్లిలో వసంత వాడిని వరండాలోనే కూర్చోబెట్టి విందట. నిస్సీ కట్టు వేసిన చేతితో పక్కనే నిలబడింది. నిన్ను తోసెయ్యాలని నాకు నిజంగానే వచ్చింది తల్లీ, ఆపలేకపోయాను, అని వాడు పిల్లకే చెప్పాడట. పిల్ల “నాకూ వస్తుంది నాన్నా. క్లాసులో జెస్సికాని తోసెయ్యాలని రోజూ వస్తుంది” అందట. వసంత ఫోనులో ఈ మాట చెబుతూ నవ్వబోయి ఏడ్చేసింది. అయినా ఇంటికి రావడానికి ఇంకో నెల పట్టింది. వచ్చాక కూడా పిల్లని వాడితో ఒంటరిగా ఒక్క నిమిషం వదిలేది కాదు.

నివేదికని నేనే పైకి పంపాను. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి పట్టీ కట్టడం ఆపేశారు. ముంబయి కార్యక్రమం రద్దయింది. రోగుల కోసం నేను పట్టీని మార్చాను. ఇప్పుడది సిద్ధపాటుని చూసి వెంటనే దూకదు. సెకనులో ఐదో వంతు ఆగి, ‘వద్దు’ అనే మాట రాలేదని రూఢి చేసుకుని, అప్పుడు కదుపుతుంది. అంటే ఆరేళ్ళు కష్టపడి తీసేసిన ఆలస్యాన్ని ఇంకో మూడు నెలలు కష్టపడి తిరిగి పెట్టాను. నాయుడు గారు మొదట్లో విసుక్కున్నారు. తర్వాత ఒకరోజు, “నిదానంగా ఎల్తంది గానీ, నా మాట ఇంటంది” అన్నారు. పద్దెనిమిది మందిలో నలుగురికి మాత్రం కొత్త పట్టీతో చెయ్యి సరిగ్గా లేవలేదు. ఆ నలుగురి ఇళ్ళకీ నేనే వెళ్ళి చెప్పాను. అందులో ఒకావిడ నా ముఖం మీదే తలుపు వేసింది.

తిమోతి చేతులు వెంటనే మామూలు కాలేదు. పట్టీ కట్టుకున్న ఆ నెలల్లో నాడులు ఆ దగ్గరదారికి అలవాటు పడిపోయాయి. పట్టీ లేకపోయినా చెయ్యి ముందు దూకేది, మనసు తర్వాత అందుకునేది. గిటారు పెట్టెలో పెట్టి మూత వేశాడు. పిల్లలకి పాఠాలు మానేశాడు. రోజూ పొద్దున రెండు గంటలు బీచి రోడ్డు మీద నడిచేవాడు, చేతులు జేబుల్లో పెట్టుకుని. ఎదురుపడినవాళ్ళు ‘మళ్ళీ ఎప్పుడు వాయిస్తారు సార్’ అంటే ఆగకుండా వెళ్ళిపోయేవాడు.

మొన్న శనివారం నేను వాళ్ళింటికి వెళ్ళాను. నిస్సీ కట్టు తీసేసి చాలా వారాలైంది గానీ మణికట్టు ఇంకా బిగిసే ఉంది. మెత్తటి బంతి పిసకమని డాక్టరు ఇచ్చాడు. అది విసుగొచ్చి పిల్ల పెట్టె తెరిచి గిటారు బయటికి తీసింది. ఒళ్ళో అది పట్టక పక్కకి ఒరిగిపోతోంది.

“నాన్నా, వేళ్ళు ఎక్కడ పెట్టాలి?”

తిమోతి దూరంగా కూర్చునే నోటితో చెప్పాడు. ఆ తీగ కాదు, పై తీగ. పిల్లకి అర్థం కాలేదు. వాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. వసంత వంటింటి గుమ్మంలో నిలబడింది.

పిల్ల గిటారు మెడ మీద తప్పు మెట్టు దగ్గర వేలు పెట్టింది. వాడి చెయ్యి దూకి ఆ వేలిని పట్టుకుని జరిపింది.

“నాన్నా, నేనే పెట్టుకుంటా!”

“సారీ, సారీ.” చెయ్యి ఒళ్ళోకి లాక్కున్నాడు.

మళ్ళీ తప్పు. మళ్ళీ చెయ్యి దూకింది. సగం దూరం వెళ్ళి పిల్ల మోచేతికి తగిలింది. వసంత గుమ్మంలోంచి ఒక అడుగు ముందుకి వేసింది. తిమోతి ముఖం అంతా చెమట. లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు.

పిల్ల నాలుక కొంచెం బయటపెట్టి, బిగిసిన మణికట్టుని వంచుకుంటూ మూడోసారి వేలు పెట్టింది. అదీ తప్పే. వాడి చెయ్యి లేచింది. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. తీగలకి జానెడు దూరంలో, గాలిలో, ఆ చెయ్యి ఆగింది. ముందుకి రాలేదు, వెనక్కీ పోలేదు.

నిస్సీ వేలి వంక చూసుకుంది. తనంతట తానే ఒక మెట్టు పక్కకి జరుపుకుని తీగ మీటింది. స్వరం సరిగ్గా పలికి, గది అంతా నిండి, నెమ్మదిగా తగ్గింది. అది పూర్తిగా ఆగేదాకా తిమోతి కదల్లేదు.

వసంత కాసేపు అలాగే చూసింది. తర్వాత నన్ను రమ్మని సైగ చేసి, వాళ్ళిద్దర్నీ అక్కడే వదిలి, లోపలికి వెళ్ళిపోయింది.